పాలు పడలేదు, నెలసరి రాలేదు: పదకొండేళ్లు ఎవరూ అడగని రెండు ప్రశ్నలు

ఆమెను మా అత్యవసర విభాగానికి తీసుకొచ్చేసరికి తెల్లవారుజామున నాలుగు దాటింది. వయసు 37. గోదావరి డెల్టాలో, కాలువ నీళ్లు చిట్టచివరన అందే ఒక ఊరు. మూడు రోజులుగా వాంతులు, విరేచనాలు. ఆ రాత్రి నుంచి పిలిస్తే పలకడం లేదని భర్త చెప్పాడు. రక్తపోటు 76/50. రక్తంలో చక్కెర 51. ఒళ్లు చల్లగా ఉంది. విరేచనాలతో నీరంతా పోయి షాక్‌లోకి వెళ్లిందనుకుని డ్యూటీ డాక్టరు గ్లూకోజు ఇచ్చి, రెండు సీసాల సెలైన్ వేగంగా ఎక్కించారు. చక్కెర పెరిగింది కానీ రక్తపోటు 80 దాటలేదు. అప్పుడు నాకు ఫోన్ చేశారు. ఆమె, ఆమె కుటుంబం అనుమతితో, గుర్తుపట్టే వివరాలు మార్చి ఈ కేసు రాస్తున్నాను.

నేను చేరేసరికి మొదటి రిపోర్టులు వచ్చాయి. సోడియం 113. ఉండవలసింది 135కు పైన. పొటాషియం 4.2, అంటే మామూలే. హిమోగ్లోబిన్ 8.8.

రక్తపోటు, చక్కెర, సోడియం మూడూ కలిసి పడిపోయాయంటే ముందుగా తలచుకోవలసింది కార్టిసాల్‌ను. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే ఎడ్రినల్ గ్రంథులు తయారుచేసే హార్మోను అది. జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా, విరేచనాలు పట్టుకున్నా రక్తపోటును నిలబెట్టేది అదే. అయితే ఎడ్రినల్ గ్రంథులే చెడిపోతే కార్టిసాల్‌తో పాటు ఉప్పు, పొటాషియంల లెక్క చూసే ఆల్డోస్టిరాన్ అనే హార్మోను కూడా పోతుంది, పొటాషియం పెరుగుతుంది. చిగుళ్లు, అరచేతి గీతలు నల్లబడతాయి. ఈమెకు పొటాషియం పెరగలేదు. చర్మం నల్లబడకపోగా పాలిపోయి ఉంది. ఏటా రెండు పంటలకూ వరినాట్లు వేసే మనిషి చర్మం అలా ఉండదు. ఎండలో పనిచేసే స్త్రీ ఒంటికి ఆ నీడపట్టు రంగు ఎక్కడిదని నాకు తోచిన క్షణమే, నా దృష్టిలో, ఈ కేసులో అసలు మలుపు.

తర్వాత ముఖం చూశాను. కొద్దిగా ఉబ్బు. కళ్ల చుట్టూ, పెదవుల చుట్టూ వయసుకు మించిన సన్నని ముడతలు. కనుబొమల చివర వెంట్రుకలు లేవు. నర్సు పరీక్షించి చంకల్లోనూ, కింద కూడా వెంట్రుకలు పూర్తిగా రాలిపోయాయని చెప్పింది. చీలమండ దగ్గర స్నాయువు మీద చిన్న సుత్తితో తడితే పాదం కదిలింది గానీ, తిరిగి యథాస్థానానికి రావడానికి చాలాసేపు తీసుకుంది. థైరాయిడ్ హార్మోను ఎంతోకాలంగా చాలనివాళ్లలో కనిపించే గుర్తు అది.

భర్తను పక్కకు పిలిచి అడిగాను. ఇద్దరు పిల్లలు. చిన్నవాడికి పదకొండేళ్లు. ఆ కాన్పులో ఏం జరిగిందని అడగ్గానే అతని గొంతు మారిపోయింది. “మాయ పడలేదండీ. రక్తం ఆగలేదు. మంచం కింద దాకా వచ్చింది. నాలుగు సీసాలు ఎక్కించారు. బతకదనే అనుకున్నాం.”

“పిల్లవాడికి పాలు పడ్డాయా?”

“ఒక్క చుక్క పడలేదండీ. డబ్బా పాలతోనే పెంచాం.”

“తర్వాత నెలసరి వచ్చిందా?”

అతను తల అడ్డంగా ఊపాడు. ఒక్కసారి కూడా రాలేదు.

అక్కడికి రోగనిర్ధారణ నా మనసులో స్థిరపడిపోయింది. కార్టిసాల్, దాన్ని తయారుచేయమని ఎడ్రినల్‌కు చెప్పే ఏసీటీహెచ్ పరీక్షలకు రక్తం తీయించి, ఫలితాల కోసం ఆగకుండా హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు నరానికి ఇచ్చాం. ఆ తర్వాత ఆరు గంటలకొకసారి 50. ఇలాంటి వేళ రిపోర్టు చేతికొచ్చేదాకా ఆగడం నేరంతో సమానమని నేను నమ్ముతాను. రక్తం ముందే తీసి పెట్టుకుంటే పరీక్ష చెడదు. కార్టిసాల్ లోపం లేదని తర్వాత తేలినా ఒకటి రెండు మోతాదుల వల్ల నష్టమేమీ ఉండదు. ఉదయం ఎనిమిదింటికి రక్తపోటు 104/70కి వచ్చింది. పదింటికి కళ్లు తెరిచి, కొడుకు ఎక్కడున్నాడని అడిగింది.

సాయంత్రం కొత్త చిక్కు మొదలైంది. అప్పటిదాకా సరిగా రాని మూత్రం ధారగా, గంటకు 300 మిల్లీలీటర్ల చొప్పున రాసాగింది. ఎందుకో చెప్పాలంటే సోడియం ఎందుకు పడిపోయిందో ముందు చెప్పాలి. శరీరంలో నీటిని పట్టి ఉంచే ఏడీహెచ్ అనే హార్మోను మెదడు అడుగునున్న హైపోథలామస్‌లో తయారవుతుంది. దాన్ని అదుపులో పెట్టేవాటిలో కార్టిసాల్ ఒకటి. కార్టిసాల్ లేనప్పుడు ఏడీహెచ్ అదుపు తప్పి నీటిని బయటికి పోనివ్వదు. ఒంట్లో ఉప్పు తక్కువై కాదు, నీరు ఎక్కువై సోడియం పలచబడుతుంది. కార్టిసాల్ అందగానే ఆ పట్టు సడలి, చేరిన నీరంతా ఒక్కసారిగా బయటికి వస్తుంది. సోడియం తనంతట తానే ఎగబాకుతుంది. సంతోషించవలసిన విషయంలా కనిపిస్తుంది కానీ, చాలాకాలంగా తక్కువగా ఉన్న సోడియం ఒక్క రోజులో ఎనిమిది, పది అంకెలు దాటి పెరిగితే మెదడు కాండంలో నరాల మీది పొర దెబ్బతిని మనిషి జీవితాంతం మంచాన పడవచ్చు. ఆరు గంటల్లోనే 113 నుంచి 118కి వచ్చింది. వెంటనే సెలైన్ ఆపి, ఉప్పు లేని అయిదు శాతం డెక్స్‌ట్రోజ్ పెట్టి, ఏడీహెచ్‌లా పనిచేసే డెస్మోప్రెసిన్ మందు దగ్గర ఉంచుకుని, రెండు గంటలకొకసారి సోడియం చూస్తూ రాత్రంతా గడిపాం. ఇరవై నాలుగు గంటలకు 121. నాలుగో రోజుకు 134.

ఇక ఆమె వెంట తెచ్చిన పాత కాగితాల సంచి. అందులో పదకొండేళ్ల కథ ఉంది.

బాలింతగా ఉన్నప్పుడు పాలు పడటానికి సొరచేప పిట్టు పెట్టారు, వెల్లుల్లి పెట్టారు, మునగాకు పెట్టారు. పడలేదు. పథ్యం సరిగా చేయలేదని అత్తగారు నిష్ఠురమాడింది. నెలసరి రాకపోతే, ఒంట్లో రక్తమంతా ఆ రోజే పోయింది, ఇక ఎక్కడినుంచి వస్తుందని ఊళ్లో వాళ్లు తేల్చేశారు. రెండేళ్లకు నీరసం మొదలైంది. హిమోగ్లోబిన్ తక్కువుందని ఐరన్ మాత్రలు ఇచ్చారు. ఏళ్ల తరబడి వాడినా పెరగలేదు, ఎందుకంటే అది ఐరన్ లోపం వల్ల వచ్చిన రక్తహీనత కాదు. నాలుగేళ్ల కిందట ఒక చోట చూపిస్తే, తొందరగా ముట్లుడిగిపోయిందని రాసి పంపించారు. చలి, మలబద్ధకం, మతిమరుపు, పని చేయలేకపోవడం. ఎండాకాలంలో దుప్పటి కప్పుకుంటుందని, బద్ధకం నటిస్తోందని ఇంట్లో మాటలు. పదకొండేళ్లు ఆ మాటలు పడింది.

ఆఖరి కాగితం మూడు వారాల కిందటిది. ఒక క్లినిక్‌లో థైరాయిడ్ పరీక్ష చేశారు. థైరాయిడ్ హార్మోను టీ4, అంటే థైరాక్సిన్, 2.1, ఉండవలసిన దానిలో సగం కూడా లేదు. థైరాయిడ్‌ను పనిచేయించే టీఎస్‌హెచ్ 2.4, పూర్తిగా మామూలు. థైరాయిడ్ తగ్గిందని 100 మైక్రోగ్రాముల థైరాక్సిన్ మొదలుపెట్టారు. వారం గడిచేసరికి ఆకలి చచ్చిపోయింది. తర్వాత వాంతులు. ఇంట్లో ఒకరి నుంచి మరొకరికి సోకిన విరేచనాలు ఆమెకూ వచ్చాయి. మిగతావాళ్లు రెండు రోజుల్లో లేచి తిరిగారు. ఆమె స్పృహ తప్పింది.

ఆ థైరాయిడ్ కాగితం దగ్గర కాసేపు ఆగాలి. హైపోథలామస్‌కు, పీయూష గ్రంథికి ఉన్న సంబంధమంతా ఆ రెండు అంకెల్లో ఉంది.

మెదడు అడుగున, బాదంగింజ అంత చోటులో ఉంటుంది హైపోథలామస్. ఒంటి వేడి, ఆకలి, దాహం, నిద్ర, ఆందోళన, వెలుగు చీకట్ల లెక్క అన్నీ అక్కడికి చేరతాయి. దాని కింద సన్నని కాడకు వేలాడుతూ, పుర్రె అడుగు ఎముకలోని చిన్న గుంటలో పీయూష గ్రంథి కూర్చుని ఉంటుంది. బఠానీ గింజంత, అర గ్రాము బరువు. హైపోథలామస్ పంపే టీఆర్‌హెచ్ అందితే పీయూష గ్రంథి టీఎస్‌హెచ్ వదులుతుంది, దానితో థైరాయిడ్ పనిచేస్తుంది. సీఆర్‌హెచ్ అందితే ఏసీటీహెచ్ వదులుతుంది, దానితో ఎడ్రినల్ కార్టిసాల్ తయారుచేస్తుంది. గంటా గంటన్నరకొక విడతగా వచ్చే జీఎన్‌ఆర్‌హెచ్ అందితే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ వదులుతుంది, అండాశయాలు కదులుతాయి. జీఎన్‌ఆర్‌హెచ్‌ను విడతలుగా కాక ఆగకుండా ఇస్తే అండాశయాలు నిద్రపోతాయి. ఎంత పంపారన్నది ఒక్కటే కాదు, ఏ లయలో పంపారన్నది కూడా ఆజ్ఞలో భాగమే. పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్ ఒక్కటి వేరే దారి. దానికి హైపోథలామస్ పంపే ప్రధాన సందేశం వద్దని చెప్పేది. డోపమైన్‌తో దాన్ని ఎప్పుడూ అణచి ఉంచుతుంది.

కింది గ్రంథి తయారుచేసిన హార్మోను రక్తంలో తిరిగి పైకి చేరి, చాలు, ఇక ఆపమని చెబుతుంది. థైరాయిడ్ హార్మోను తగ్గితే ఆ మాట వినపడదు కాబట్టి పీయూష గ్రంథి టీఎస్‌హెచ్‌ను పదింతలు, ఇరవై ఇంతలు పెంచుతుంది. జబ్బు థైరాయిడ్‌లోనే ఉంటే టీ4 తక్కువ, టీఎస్‌హెచ్ చాలా ఎక్కువ ఉండి తీరాలి. టీ4 అంత పడిపోయినా టీఎస్‌హెచ్ 2.4 దగ్గర కదలకుండా ఉందంటే, కింద పొలం ఎండిపోతున్నా పైన లాకు తెరిచేవాడు లేడని అర్థం. ల్యాబ్ కాగితం మీద మామూలు అని అచ్చయిన ఆ 2.4 ఈమె విషయంలో మామూలు కాదు. విడిగా చూస్తే అబద్ధం చెప్పే అంకె, జంటగా చూస్తే నిజం చెబుతుంది. తొందరగా ముట్లుడగడం కూడా అంతే. అండాశయాలే ఆగిపోతే ఎఫ్‌ఎస్‌హెచ్ ఆకాశానికి ఎగరాలి. నాలుగేళ్ల కిందట ఆ ఒక్క పరీక్ష చేసి ఉంటే అది తక్కువగా వచ్చేది, వెతుకులాట అక్కడే తలవైపు మళ్లేది.

మరి తక్కువ ఉన్న థైరాక్సిన్ ఇస్తే ప్రాణం మీదికి ఎందుకు వచ్చింది? థైరాక్సిన్ ఒంట్లో పనులన్నిటినీ వేగిరం చేస్తుంది. కార్టిసాల్ అవసరం పెరుగుతుంది, కాలేయంలో అది విరిగిపోవడం కూడా వేగమవుతుంది. ఈమె మందగించిన థైరాయిడ్‌తో, అడుగంటిన కార్టిసాల్‌తో ఎలాగో ఒక నిదానపు సమతూకంలో బతుకుతోంది. ఒక పక్కను లేపేసరికి రెండో పక్క కూలిపోయింది. రెండూ లేని మనిషికి ముందు కార్టిసాల్, తర్వాతే థైరాక్సిన్. హార్మోన్ల వైద్యంలో నేను నేర్చుకున్న నియమాలలో ఇంత కచ్చితమైనవి చాలా తక్కువ. ఆ క్లినిక్ డాక్టరును నిందించడానికి ఇది రాయడం లేదు. టీ4 చూసి ఊరుకోకుండా మందు ఇచ్చారు. దాని పక్కనున్న అంకెను కూడా చదివి ఉంటే బాగుండేది.

మూడో రోజుకు మిగతా ఫలితాలు వచ్చాయి. షాక్‌లో ఉన్నప్పుడు తీసిన రక్తంలో కార్టిసాల్ 1.8 మైక్రోగ్రాములు. అంతటి ఒత్తిడిలో ఆరోగ్యవంతుల్లో అది ఇరవై దాటుతుంది. ఏసీటీహెచ్ పెరగవలసింది పోయి అట్టడుగున ఉంది. ఎఫ్‌ఎస్‌హెచ్ 1.9, ఎల్‌హెచ్ 0.7, ప్రొలాక్టిన్ 2.1, అన్నీ నేల మీదే. ఎంఆర్‌ఐలో పీయూష గ్రంథి ఉండవలసిన గుంట దాదాపు ఖాళీ. అడుగున సన్నని అంచు మాత్రం మిగిలింది, మిగతాదంతా మెదడు నీరు. కణితి లేదు.

దీన్ని షీహాన్ సిండ్రోమ్ అంటాం. గ్లాస్గోలో కాన్పుల ఆసుపత్రిలో పాథాలజిస్టుగా పనిచేసిన హెరాల్డ్ షీహాన్, ప్రసవంలో విపరీతంగా రక్తం పోయి మరణించిన తల్లుల పీయూష గ్రంథులు చచ్చుబడి ఉండటం గమనించి 1937లో వివరంగా రాశారు. పాలు పడకపోవడానికి, నెలసరి రాకపోవడానికి, ఏళ్ల తర్వాతి నీరసానికి, రక్తం పోయిన ఆ కొన్ని గంటలకు ఉన్న ముడి ఆయన పనితోనే బలపడింది.

రక్తం అంతగా పోయినప్పుడు ఈ గ్రంథే ఎందుకు చావాలి? దీన్ని ఆమె భర్తకు వివరించడం నాకు సులువైంది, అతను శివారు రైతు కాబట్టి. పీయూష గ్రంథి ముందు భాగానికి చేరే రక్తంలో ఎక్కువ పాలు తాజా ధమని రక్తం కాదు. హైపోథలామస్ అడుగున ఒకసారి సన్నని నాళాల్లో తిరిగి, అక్కడి సందేశాలను కలుపుకుని, చిన్న సిరల గుండా ఒత్తిడి తగ్గి కిందికి దిగే రక్తం. పై పొలాన్ని తడిపాక శివారుకు చేరే కాలువ నీళ్ల లాంటిది. గర్భం మోసే నెలల్లో పాల హార్మోను కణాలు విపరీతంగా పెరిగి ఈ గ్రంథి ఉబ్బుతుంది, అవసరం పెరుగుతుంది, కాలువ మాత్రం అదే. ఆ సమయంలో రక్తపోటు పడిపోతే మొదట ఎండేది శివారే. అతను వెంటనే అందుకున్నాడు: “నీళ్లు తగ్గిన ఏడు మా చేను ఎండినట్టేనా, డాక్టరు గారూ?” అంతే.

గ్రంథి వెనక భాగం మాటేమిటి? అది హైపోథలామస్ నుంచి దిగిన నరాల చివరలే. దానికి వేరే ధమని నేరుగా రక్తం తెస్తుంది. అందుకే ఏడీహెచ్ లోపించి, ఆగని దాహం, ఆగని మూత్రం ఈ జబ్బులో అరుదు. మొదటి రోజు సాయంత్రం ఆ ధార చూసి నేను కలవరపడ్డ మాట నిజం. కార్టిసాల్ ఇచ్చాక దాగిన ఏడీహెచ్ లోపం బయటపడటం కూడా ఉంది. ఈమెకు రెండో రోజుకే తగ్గింది, ఆ తర్వాత మూత్రం చిక్కగా వచ్చింది.

ఈ సందేశాలు సిరల గుండా దిగుతాయన్నది ఒకప్పుడు వాదం మాత్రమే. ఇంగ్లండులో జెఫ్రీ హారిస్ ప్రయోగాలతో అది నిలబడింది. ఆ సందేశం ఏ పదార్థమో పట్టుకోవడానికి అమెరికాలో రోజర్ గిల్లెమిన్ గొర్రెల, ఆండ్రూ షాలీ పందుల హైపోథలామస్‌లను లక్షల్లో సేకరించి అరగదీశారు. 1969లో తేలిన టీఆర్‌హెచ్‌లో ఉన్నవి మూడే మూడు అమైనో ఆమ్లాలు. 1977 నోబెల్ బహుమతిలో సగం వాళ్లిద్దరిది. మిగిలిన సగం రోజలిన్ యాలోది, రక్తంలో హార్మోన్లను లెక్కగట్టే పద్ధతికి. ఈమె కార్టిసాల్ 1.8 అని మేం చెప్పగలిగామంటే ఆ దారి వేసినవాళ్లలో ఆమె ఒకరు.

ఇక్కడ ఒక పక్క మాట. పల్లెల్లో పనిచేసే డాక్టర్లు గుర్తుంచుకోవలసిన మరో కారణం రక్తపింజర కాటు. దాని విషం రక్తం గడ్డకట్టే తీరును చెడగొట్టి, కొందరిలో పీయూష గ్రంథిని ఇదే విధంగా చంపుతుంది. అది మగవాళ్లకూ వస్తుంది. కాటు నుంచి బయటపడ్డ రైతు ఏడాది తర్వాత నీరసంతో వస్తే ఉదయం ఎనిమిదింటి కార్టిసాల్ చూడండి. షీహాన్ మాత్రం పాతకాలపు జబ్బనుకోవద్దు. కాన్పులు ఆసుపత్రుల్లో జరిగే కొద్దీ తగ్గుతోంది, నిజమే. కానీ 2005లో ప్రచురించిన కశ్మీర్ లోయ అధ్యయనంలో, ఇరవై ఏళ్లు దాటిన తల్లులలో సుమారు మూడు శాతం మందికి ఇది ఉన్నట్టు తేలింది. చాలామందివి ఇంటి కాన్పులే.

ఆసుపత్రిలో ఆరో రోజున థైరాక్సిన్‌ను 25 మైక్రోగ్రాములతో మళ్లీ మొదలుపెట్టాం, క్రమంగా 75కు తెచ్చాం. హైడ్రోకార్టిసోన్ మాత్రలు నిద్రలేవగానే 10, మధ్యాహ్నం 5 మిల్లీగ్రాములు. ఆల్డోస్టిరాన్‌ను నడిపేది ప్రధానంగా మూత్రపిండాలే గనుక దానికి మందు అక్కరలేదు. ఎముకల సాంద్రత తక్కువగా ఉంది, పదకొండేళ్లు ఈస్ట్రోజన్ లేదు మరి. కాల్షియం, విటమిన్ డి, ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టిరాన్ ఇచ్చాం. గ్రోత్ హార్మోను కూడా లేదు, కానీ రోజూ ఇంజెక్షన్, మోయలేని ఖర్చు. ఆమె విషయంలో దాన్ని వదిలేయడమే సరైనదని నా నిర్ణయం.

ఇంటికి పంపే ముందు ఎక్కువసేపు మాట్లాడింది స్టెరాయిడ్ అన్న మాట గురించే. ఆ మాట వింటే జనం భయపడతారు, ఎవరో ఒకరు ఆపేయమంటారు. మీకు ఎక్కించేది బయటి మందు కాదమ్మా, మీ ఒంట్లో ఊరవలసినదాన్నే ఊరవలసినంత ఇస్తున్నామని చెప్పాను. జ్వరం వస్తే మోతాదు రెట్టింపు. వాంతులైతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి ఇంజెక్షన్. ఒక పెద్ద కార్డు మీద తెలుగులో ఇదంతా రాసి, 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ సీసా ఒకటి జత చేశాం.

అత్తగారు అంతా విని, “అయితే అప్పుడు పాలు పడకపోవడంలో దాని తప్పేమీ లేదా?” అని అడిగింది. లేదమ్మా అన్నాను. ఆమె చాలాసేపు కోడలి చెయ్యి పట్టుకుని కూర్చుంది. పీయూషం అంటే అమృతమే కాదు, ఈనిన ఆవు ఇచ్చే తొలి పాలు కూడా, మన జున్నుపాలు. చదువుకునే రోజుల నుంచి ఆ గ్రంథి పేరు పలుకుతూనే ఉన్నాను. ఆ మంచం పక్కన నిలబడినప్పుడు ఆ పేరు నాకు కొత్తగా వినిపించింది.

రెండు నెలలకు చలి తగ్గింది. ముఖం తేటపడింది. నాలుగో నెలలో ఐరన్ లేకుండానే హిమోగ్లోబిన్ 11కు వచ్చింది. మొదటిసారి నెలసరి వచ్చిన రోజు ఫోన్ చేసి, ఇది మంచిదేనా అని అడిగింది. అయిదో నెలలో ఎవరో టీఎస్‌హెచ్ పరీక్ష చేయించి, 0.05 ఉంది, థైరాక్సిన్ ఎక్కువైందని సగానికి తగ్గించారు. నీరసం తిరిగొచ్చింది. పీయూష గ్రంథి లేని మనిషికి టీఎస్‌హెచ్ చూసి మోతాదు కట్టకూడదు, రక్తంలో విడిగా తిరిగే టీ4, అంటే ఫ్రీ టీ4 ఒక్కటే కొలబద్ద. పాత మోతాదుకు తెచ్చి, ఆ మాట కూడా కార్డు మీద ఎర్ర సిరాతో రాశాను.

సంక్రాంతి వెళ్లిన వారం రాత్రి పదకొండింటికి ఆమెకు వాంతులు పట్టుకున్నాయి. దగ్గరలోని ఆసుపత్రికి తీసుకెళ్లారు. భర్త బండి నిలుపుతుండగా, కౌంటరు దగ్గర కార్డు ఎత్తి పట్టుకుని మొదటి లైను నుంచి ఎర్ర సిరా దాకా గట్టిగా చదివి వినిపించింది ఆ చిన్న కొడుకే, ఇప్పుడు పన్నెండేళ్లవాడు. సీసా కూడా వాడి చేతిలోనే ఉంది. పది నిమిషాల్లో ఇంజెక్షన్ పడింది. తెల్లవారి సోడియం 136. మధ్యాహ్నానికి ఇంటికి వెళ్లిపోయారు.